అనుమానం వేరు, ఆధారం వేరు: యువ పాఠకులకు రహస్య కథలు



పాఠ్యపుస్తకం మధ్యలో డిటెక్టివ్ నవల దాచుకుని చదివి ఇంట్లో చీవాట్లు తిన్నవారు మీలో కొందరైనా ఉంటారు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మీ తాతగారి తరంవారు కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను ఇలాగే చదివారు. ఈనాటి ప్రసంగంలో ఆ చీవాట్లను కాసేపు పక్కన పెట్టి ఒక ప్రశ్న వేసుకుందాం. మీ వయసువారి కోసం రాసిన మంచి రహస్య కథ పాఠకుడికి ఏం నేర్పుతుంది?

ఇది డిటెక్టివ్ కథ కాదు కనుక సమాధానాన్ని చివరిదాకా దాచను. అనుమానం వేరు, ఆధారం వేరు అని అది నేర్పుతుంది. ఇది చిన్న మాటలాగే కనిపిస్తుంది. అయితే ఈ తేడా మరిచిపోయినచోట మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ సంగతి ప్రసంగం చివర చెప్పుకుందాం.

ముందుగా రెండు పదాలను విడదీసి చూద్దాం. మిస్టరీ, సస్పెన్స్ అనే మాటలను మనం ఒకే అర్థంలో వాడేస్తుంటాం. మిస్టరీలో నేరం జరిగిపోయి ఉంటుంది. ఎవరు చేశారో, ఎలా చేశారో పాఠకుడికి తెలియదు. సస్పెన్స్‌లో ప్రమాదం ఏమిటో పాఠకుడికి తెలుసు, పాత్రకే తెలియదు. సినీ దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దీనిని ఒక బాంబు ఉదాహరణతో వివరించేవారు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉంది. ఆ విషయం ప్రేక్షకుడికి తెలియకపోతే, అది పేలినప్పుడు కొన్ని క్షణాలు ఉలిక్కిపడతాడు. ముందే తెలిస్తే, వాళ్ల మామూలు కబుర్లు సాగినంతసేపూ ఊపిరి బిగబట్టి చూస్తాడు.

ఈ రెండు పద్ధతులనూ ఒకే కథలో చూపిన రచయిత మన దేశంలోనే ఉన్నారు. ఆయన సత్యజిత్ రాయ్. ఆయన తాతగారు ఉపేంద్రకిశోర్ 1913లో కలకత్తాలో 'సందేశ్' అనే పిల్లల పత్రికను ప్రారంభించారు. ఆగిపోయిన ఆ పత్రికకు 1961లో రాయ్, కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి తిరిగి ప్రాణం పోశారు. ఆ పత్రిక కోసమే 1965లో ఫెలూదా అనే పరిశోధకుడిని సృష్టించారు. 1992లో కన్నుమూసేవరకు ప్రపంచప్రసిద్ధ చిత్రాలు తీస్తూనే పిల్లల కోసం ఈ కథలు రాశారు.

వీటిలో 'సోనార్ కెల్లా', అంటే బంగారు కోట, 1971లో వచ్చింది. కలకత్తాలోని ముకుల్ అనే పిల్లవాడు తన పూర్వజన్మ గుర్తుందంటాడు. బంగారు కోట గురించీ, రత్నాల గురించీ చెబుతాడు. ఆ వార్త పత్రికలో పడుతుంది. ఒక పరిశోధకుడు అతణ్ణి రాజస్థాన్ తీసుకువెళతాడు. నిధి ఆశతో దుండగులు వెంటపడతారు. ఫెలూదా కూడా బయలుదేరతాడు. నవలలో దుండగుడు ఎవరో ముగింపు దాకా మనకు తెలియదు. అదే కథను రాయ్ 1974లో సినిమాగా తీసినప్పుడు, దుండగులు ఎవరో ప్రేక్షకుడికి మొదట్లోనే చూపించేశారు. పుస్తకం మిస్టరీ అయితే సినిమా సస్పెన్స్ అయింది. ఆ దుండగుడు ఎవరో నేను చెప్పను. చెబితే మీరు నన్ను క్షమించరు.

ఇక ఈ కథలు నడిచే తీరును గమనించండి. కథ చెప్పేది ఫెలూదా కాదు, అతని తమ్ముడి వరస అయిన తోప్షే. మీ వయసు కుర్రవాడు. ఆర్థర్ కోనన్ డాయిల్ 1887లో మొదటి షెర్లాక్ హోమ్స్ కథను డాక్టర్ వాట్సన్ చేత చెప్పించారు. ఇదీ అలాంటి ఏర్పాటే. తోప్షే చూసినది మనమూ చూస్తాం, విన్నది మనమూ వింటాం. ఫెలూదా కళ్ల ముందున్నవే మన కళ్ల ముందూ ఉంటాయి. కానీ అతను పట్టుకున్నది మనం పట్టుకోలేకపోతాం. చివర్లో “అరే, ఇది నేనూ చదివానే!” అనుకుంటాం. ఆ అనుకోవడంలోనే పాఠం ఉంది.

దీనిని పాఠకుడి పట్ల న్యాయం అనవచ్చు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల మతాచార్యుడు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశారు. ఆయన స్వయంగా డిటెక్టివ్ రచయిత. ఆ నియమాల్లో కొన్నిటికి ఈనాడు విలువ లేదు. రెండు మాత్రం ఇప్పటికీ నిలిచాయి. పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని పాఠకుడికీ చూపాలి. దయ్యాలతో, మహిమలతో ముడి విప్పకూడదు.

మనకు ఇది కొత్త కాదు. 1947లో మొదలైన 'చందమామ'లో బేతాళ కథలు ఎలా ఉండేవో పెద్దవాళ్లను అడగండి. బేతాళుడు కథంతా చెప్పి ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు జవాబు చెప్పేలోగా పాఠకుడు పుస్తకం మూసి తానూ ఆలోచించుకోవచ్చు. రాజుకు తెలిసినంతా పాఠకుడికీ తెలుసు. న్యాయమైన ఆట అంటే అదే.

న్యాయమైన ఆట అన్నాను కదా, మరి మనం ఎందుకు ఓడిపోతాం? రచయితకు మన బలహీనత తెలుసు. ముఖం మీద గాటు, చిరాకు మాట, అర్థరాత్రి ఒంటరి నడక, మనకు తెలియని యాస. వీటిని ఒక పాత్రకు తగిలిస్తే చాలు, మనం అతనే దొంగ అని తీర్పు చెప్పేస్తాం. మర్యాదగా మాట్లాడే అసలు దొంగ మన పక్కనే టీ తాగుతుంటాడు. మంచి రచయిత ముందు మన తొందరపాటును వాడుకుంటాడు, తరువాత దాన్ని మనకే చూపిస్తాడు. నాసిరకం రచయిత గాటు ఉన్నవాణ్ణే నిజంగా దొంగను చేసి ఊరుకుంటాడు. మంచి పుస్తకాన్నీ నాసిరకం పుస్తకాన్నీ వేరుచేయడానికి ఇదొక్క గుర్తు చాలు.

ఇప్పుడు మొదట్లో ఇచ్చిన మాటకు వద్దాం. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతి సెల్‌ఫోన్లలో దేశమంతా పాకింది. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో, భిక్షాటనతో బతికే సంచార కులస్థులు ఐదుగురిని జనం కొట్టి చంపారు. అదే నెలలో కర్ణాటకలోని బీదర్ జిల్లాలో, హైదరాబాదు నుంచి వెళ్లిన మిత్రబృందం ఒకటి దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. ఆ బృందంలోని ఒక యువ ఇంజనీరు మూకదాడిలో ప్రాణం కోల్పోయాడు.

డిటెక్టివ్ కథ పాఠకులుగా ఆలోచించండి. కళ్లతో చూసినది ఏమిటి? కొత్తవాళ్లు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే. విన్నది ఏమిటి? ఎవరో ఎవరికో పంపిన సందేశం. ఊహించినది ఏమిటి? వీళ్లు పిల్లల దొంగలని. చూసినదానికీ ఊహించినదానికీ మధ్య ఒక్క ఆధారమైనా లేదు. ఉన్నదల్లా భయం. అదే నెలలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. పరిమితి వేలికి అడ్డుపడుతుంది. మనసుకు అడ్డుపడవలసింది మనమే.

డిటెక్టివ్ నవలలు చదివితే మూకదాడులు ఆగిపోతాయని నేను అనను. పుస్తకాలకు అంత శక్తి ఉందని చెప్పడం కూడా ఆధారం లేని మాటే అవుతుంది. అయితే ప్రతి మంచి రహస్య కథా మనం ఎవరినో అన్యాయంగా అనుమానించామని చివర్లో మనచేత ఒప్పిస్తుంది. అక్కడ తప్పు చేసినా ఎవరికీ దెబ్బ తగలదు. తప్పు చేసి నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

చివరగా మీకు ఒక అభ్యాసం. ఈసారి రహస్య నవల చదివేటప్పుడు ఆఖరి అధ్యాయానికి ముందు ఆగండి. కాగితం మీద మూడు గీతలు గీసి చూసినవి, విన్నవి, ఊహించినవి అని మూడు వరుసలు రాయండి. మీరు దొంగ అనుకున్నవాడి పేరు ఎదురుగా ఏ వరుసలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తరువాతే పేజీ తిప్పండి. మీ ఫోన్‌లోకి ఎవరి గురించైనా భయపెట్టే సందేశం వచ్చినప్పుడు కూడా ఇదే కాగితాన్ని గుర్తు తెచ్చుకోండి.

సెలవు.