అరుగు మీది అతిథి, అద్దెగదిలో అతిథి



మన పళ్ళిపట్టు వైపు పాత ఇళ్ళకు వీధివాకిలి పక్కన అరుగు ఉండేది మీకు గుర్తుండే ఉంటుంది. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్ళు మోసుకుపోయేవాళ్ళు నా చిన్నప్పుడు మా అరుగు మీదనే రాత్రి నడుం వాల్చేవాళ్ళు. వాళ్ళెవరో మాకు తెలియదు. మేమెవరో వాళ్ళకు తెలియదు. తెల్లవారుజామున మా అమ్మ కడవతో మజ్జిగ తెచ్చి పోసేది. తాగి, దండం పెట్టి, వెళ్ళిపోయేవాళ్ళు. డబ్బు మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తి ఉంటే మా అమ్మ ఏమనేదో ఊహించను కూడా లేను.

ఇప్పుడు ఆ అరుగు సంగతి ఎందుకు ఎత్తానంటే, కిందటేడు జూన్ నెలలో నేనూ మా ఇంటావిడా స్కాట్లండులో ఒక పల్లెటూరి ఇంట్లో రెండు రాత్రులు డబ్బిచ్చి పడుకుని వచ్చాము. మా అమ్మాయి ఎడింబరోలో ఉద్యోగం చేస్తుంది. "మీరు హోటల్లో ఉండొద్దు నాయనా, అక్కడి మనుషుల్ని చూడాలంటే ఒక ఇంట్లో ఉండాల" అని తనే ఏర్పాటు చేసింది. దాన్ని వాళ్ళు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటారు. రాత్రికి పక్క, పొద్దున ఫలహారం, అంతే. మధ్యాహ్నం తిండి, రాత్రి తిండి మన సొంత పూచీ. ఇంటివాళ్ళు అదే ఇంట్లో కాపురం ఉంటారు. మిగిలిన రెండు మూడు గదులు వచ్చేపోయేవాళ్ళకు ఇస్తారు. ఆ గదుల్ని ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా, తమ అభిరుచి కొద్దీ అలంకరించి పెడితే దానికి బొటిక్ అని ముందొక మాట తగిలిస్తారు. ఆ మాటతో అద్దె కొంచెం పెరుగుతుందని మా అమ్మాయి చెప్పింది. మా ఇద్దరికీ ఒక రాత్రికి నూట ఇరవై పౌండ్లు, అంటే మన డబ్బు పన్నెండు పదమూడు వేలు. ఆ లెక్క మా ఆవిడకు తిరిగి వచ్చాకనే చెప్పాను.

ఎడింబరో నుంచి రైల్లో ఉత్తరంగా రెండు గంటల దూరంలో పిట్లాక్రీ అని చిన్న ఊరు ఉంది. చుట్టూ కొండలు, ఊరి పక్కనే టమ్మెల్ అనే నది. దాని మీద 1940ల చివర్లో జలవిద్యుత్తు కోసం ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు, ఊరి అందం పాడవుతుంది, వచ్చే జనం రారు అని అక్కడివాళ్ళు గట్టిగానే ఎదిరించారట. ఆనకట్ట పూర్తయ్యాక దాన్ని చూడడానికే జనం రావడం మొదలైంది. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి ఎగువకు ఈదుతాయి. వాటికి ఆనకట్ట అడ్డం కాకూడదని పక్కన మెట్లు మెట్లుగా 34 తొట్లు కట్టి, ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి చేప ఎక్కిపోయే దారి చేశారు. నేను గంటసేపు నిలబడ్డాను. మన కుశస్థలి నది పైన ఆంధ్రలో కృష్ణాపురం ఆనకట్ట ఉంది. తుఫాను రోజుల్లో గేట్లు ఎత్తితే మన వైపు కాజ్‌వేలు మునిగి రాకపోకలు ఆగిపోవడం, మిగతా రోజుల్లో ఇసుక కనబడడం మీకు తెలిసిందే. చేపలకు మెట్లు కట్టించే తీరిక ఉన్న దేశాన్ని చూస్తే కొంచెం అసూయ కలిగింది, దాచుకోను.

మేము దిగిన ఇల్లు ఊరికి కొద్దిదూరంలో, గొర్రెల పొలం మధ్య, రాతిగోడల పాత ఇల్లు. ఇంటావిడకు నా వయసే ఉంటుంది. మేము గుమ్మం బయట చెప్పులు విడిచేసరికి ఆమె ముఖం విప్పారింది. బురద కాళ్ళతో లోపలికి వచ్చేవాళ్ళతో ఆమెకు రోజూ ఉండే అవస్థ అప్పుడు నాకు అర్థమయింది. గదిలో మంచం, కిటికీ, కిటికీ ముందు ఒక బల్ల, బల్ల మీద నీళ్ళు కాచుకునే కెటిల్, టీ పొట్లాలు, వెన్న బిస్కత్తులు. స్నానాల గదిలో అంతా బాగుంది గానీ చెంబు లేదు. మా ఆవిడ పట్టుబట్టింది. నేను కిందికి దిగి, చేతులతో ఆకారం చూపించి అడిగాను. ఆ తల్లి వంటింట్లోకి వెళ్ళి, పిండీ పాలూ కొలుచుకునే గీతల జగ్గు తెచ్చి ఇచ్చింది. రెండు రోజులూ మేము ఎన్ని మిల్లీలీటర్లతో స్నానం చేసేదీ లెక్క తెలిసింది!

రాత్రి పది దాటినా వెలుతురు పోలేదు. పడుకునే వేళకు కిటికీ తెర మూసుకోవలసి వచ్చింది.

పొద్దున ఫలహారం సంగతి చెప్పాలి. వాళ్ళ ఫలహారమంటే కోడిగుడ్లు, పందిమాంసం, గొర్రె గుండె, కాలేయం లాంటివి ఓట్లతో కలిపి వండే హాగిస్, బంగాళాదుంప రొట్టె, ఇంత పెద్ద పళ్ళెం. మా అమ్మాయి ముందుగానే మేము శాకాహారులమని రాసి పంపింది. అయినా ఆమె మళ్ళీ అడిగింది. గుడ్డు తింటారా, పాలు పరవాలేదా, ఉల్లిపాయ పరవాలేదా అని. తరవాత ఒక గిన్నెలో ఓట్ల జావ తెచ్చి పెట్టింది. ఉప్పు వేసి కాచింది. అది కలపడానికి గుండ్రటి కట్టె ఒకటి వాడుతుంది, దానికి స్పర్టిల్ అని పేరు. మా ఆవిడ ఆ కట్టెను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "మన సంగటి కెలికే కట్టేనండీ ఇది, కొంచెం కురచగా ఉండాది" అంది. నిజమే. ఆ దేశంలో ఓట్లు మన రాగుల వంటివి. చలికి, రాతినేలకు తట్టుకుని పండేది అదే. 1755లో శామ్యూల్ జాన్సన్ అనే ఇంగ్లీషు పండితుడు తన నిఘంటువులో, ఇంగ్లండులో గుర్రాలకు పెట్టే ఈ గింజను స్కాట్లండులో మనుషులు తింటారు అన్న అర్థం వచ్చేటట్టు ఎగతాళిగా రాశాడు. ఒకప్పుడు సంగటి తినేవాళ్ళను వరన్నం తినేవాళ్ళు చూసిన చూపే అది. ఇవాళ ఆ జావను రంగుల గిన్నెలో, పైన తేనె చుక్కతో, అతిథికి గర్వంగా పెడుతున్నారు. మన ఇళ్ళలో అతిథి వస్తే రాగి డబ్బా లోపల పెట్టి ఇడ్లీకి పప్పు నానబోస్తాము.

జావ తాగుతూ ఆమె మాది ఏ ఊరని అడిగింది. పళ్ళిపట్టు అంటే ఆమెకేం తెలుస్తుంది? పక్కన తిరుత్తణి అన్నాను. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన ఊరు, ఆయన తరవాత భారత రాష్ట్రపతి అయ్యారు, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో మీ దేశపు ఆచార్యుల దగ్గరే తత్త్వశాస్త్రం చదివారు అన్నాను. ఆ కాలేజీకి మూలమైన బడిని 1837లో పెట్టింది స్కాట్లండు మిషనరీ జాన్ ఆండర్సన్. ఇంకొకరి పేరు కూడా చెప్పాను. మన ఊళ్ళ కైఫీయతులు రాయించి దాచిన కాలిన్ మెకంజీది స్కాట్లండు పడమటి దీవుల్లోని స్టార్నవే. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఆయన సేకరించినవి లేకపోతే ఎన్నో పల్లెల చరిత్ర మనకు దక్కేది కాదు. ఆమెకు ఈ సంగతులేవీ తెలియవు. కానీ విని, మెకంజీ అన్న పేరు మాత్రం తమ ఊళ్ళో ఇంటికొకటి ఉందని నవ్వింది.

అప్పుడు నేను, మర్యాద కాదని తెలిసీ, ఒక మాట అడిగేశాను. ఇంట్లోకి పరాయివాళ్ళను రానిచ్చి డబ్బు తీసుకోవడం మీకు కష్టంగా లేదా అని. ఆమె ఏమీ అనుకోలేదు. గొర్రెల మీద ఇల్లు గడవదు, కొడుకు ఆస్ట్రేలియాలో ఉన్నాడు, పై గదులు ఊరికే పడి ఉన్నాయి, చలికాలంలో ఇంత ఇల్లు ఒక్కదాని కోసం వెచ్చగా ఉంచుకోలేను అని చెప్పింది. మొదటి రోజు మాత్రం డబ్బు చేతితో తీసుకోలేకపోయిందట. బల్ల మీద పెట్టి వెళ్ళమన్నదట.

ఇది సులువైన వ్యాపారమని మీరు అనుకోవద్దు. అక్కడ ఇలా గదులిచ్చేవాళ్ళకు లైసెన్సు ఉండాలని 2022లో ఉత్తర్వు వచ్చింది. పాతవాళ్ళు 2023 అక్టోబరు 1 లోగా దరఖాస్తు చేసుకోవలసి వచ్చింది. పొగ వస్తే మోగే గంటలు, గ్యాసు తనిఖీ, కరెంటు తనిఖీ, కుళాయి నీళ్ళ భద్రత, అన్నింటికీ కాగితాలు. ఆమె ఆ కాగితాల దొంతర చూపించి కళ్ళు పైకి తిప్పింది. కళ్ళు తిప్పడం ఏ దేశంలోనైనా ఒకటే.

తిరుగు ప్రయాణంలో నా మనసులో మెదిలింది మా ఇంటి ముందుగది. మా నాయన కాలంలో అది మగ్గం గది. గుంతమగ్గం ఉండేది. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, మన ఊరు, ఈ చుట్టుపక్కల ఎక్కడ నడిచినా మగ్గం చప్పుడు వినబడిన రోజులు మీకూ గుర్తే. చేతిమగ్గం పోయి కరెంటు మగ్గం వచ్చింది, నేను బడిపంతుల్నయ్యాను, గుంత పూడ్చేశాము. ఇరవై ఏళ్ళుగా ఆ గదిలో పాత కుర్చీలు, ఎరువుల గోతాలు, మా అమ్మాయి చిన్నప్పటి సైకిలు. అక్కడివాళ్ళు పై గదిని తుడుచుకుని బతుకుతున్నారు, మనం మన గదిని ఎలుకలకు ఇచ్చాము అనుకున్నాను. ఇంటికి వచ్చి మెల్లగా మాట కదిపాను. తిరుత్తణి మనకు దగ్గర, ఆడికృత్తికకు, డిసెంబరు 31 రాత్రి మెట్లపండగకు జనం చోటు లేక అవస్థ పడతారు, ఒక గది బాగుచేద్దాము, పొద్దున టిఫిను పెడదాము అన్నాను.

మా ఆవిడ చేతిలో పని ఆపి, "అన్నం అమ్ముకునేదా? మీకేమన్నా మతి ఉండాదా?" అంది.

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. అన్నవిక్రయం పాపమని మన పెద్దలు ఊరికే అనలేదు. మన దారుల పొడుగునా సత్రాలు కట్టించింది ఆ నమ్మకమే. ఏనుగుల వీరాస్వామి గారు 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు మీదుగా పోతూ, ఏ మజిలీలో సత్రం ఉంది, ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి అని పూసగుచ్చినట్టు రాశారు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్రచరిత్ర చదివితే, దారిన పోయేవాడికి తలదాచుకునే చోటు ఎంత అవసరమో తెలుస్తుంది. ఆ సత్రాలు కట్టించినవాళ్ళు పుణ్యాత్ములే.

అయితే ఇంకొక సంగతి కూడా ఉంది. పాత సత్రంలో అన్నం ఉచితమే గానీ, చాలాచోట్ల ఆకు వేసే ముందు నీ కులమేదని అడిగేవాళ్ళు. ఆ జవాబును బట్టి లోపలి పంక్తో, బయటి అరుగో, అసలు చోటే లేదో తేలేది. మా అమ్మ మజ్జిగ కూడా అందరికీ ఒకే చెంబుతో పోసేది కాదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ స్కాట్లండు ఇంట్లో మమ్మల్ని అడిగింది పేరు, వచ్చే వేళ, గుడ్డు తింటారా లేదా అన్నది మాత్రమే. డబ్బిచ్చాము కాబట్టి అడగలేదు అని మీరు అనవచ్చు. అనండి. నాకు మాత్రం ఆ అడగకపోవడం బాగుంది. ఈ మాటే మా ఆవిడతో అన్నాను. ఆమె ఆ పూటకు ఏమీ మాట్లాడలేదు.

ఇలాంటి ఆలోచన మీలో ఎవరికైనా ఉంటే తెలుసుకున్నంత చెబుతాను. కేంద్ర పర్యాటక శాఖకు ఇంక్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే అనే పథకం ఉంది. ఒక గది నుంచి ఆరు గదుల వరకు, పన్నెండు మంచాలకు మించకుండా ఇవ్వవచ్చు. యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. తనిఖీ చేసి గోల్డు, సిల్వరు అని రెండు తరగతుల్లో ఒకటి ఇస్తారు. విదేశీయులు దిగితే వాళ్ళ వివరాలు ఇరవై నాలుగు గంటల్లోగా పంపాలి. ఎవరు దిగినా గుర్తింపు కార్డు చూసి పుస్తకంలో రాసుకోవడం మంచిది. గదికన్నా ముందు మరుగుదొడ్డి చూసుకోండి. పాత ఇళ్ళలో ఖర్చంతా అక్కడే అవుతుంది, నాకు అయింది.

మనకు ఇంకొక ఇబ్బంది ఉంది, సరిహద్దువాళ్ళకు మాత్రమే తెలిసేది. 1960 ఏప్రిల్ 1న మన ప్రాంతం చిత్తూరు జిల్లా విడిచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం. దరఖాస్తు తమిళంలో నింపడానికి మా మేనల్లుణ్ణి పిలిచాను. ఇంటి పేరు ఏం పెడతావు మామా అని వాడు అడిగాడు. మగ్గమిల్లు అన్నాను. తమిళంలో ఎలా రాయాలని కాసేపు తలగోక్కున్నాడు.

గదికి సున్నం వేయించాము. నేల చెక్కించేటప్పుడు పాత గుంత ఆనవాలు కనబడింది. అక్కడ మాత్రం నల్లబండ ఒకటి వేరుగా వేయించాను. మా ఆవిడ మొన్న ఒక షరతు పెట్టింది. గది అద్దె మీరు తీసుకోండి, అది ఇటుకకూ సున్నానికీ. పొద్దున రాగి జావ, ఇడ్లీ నేను పెడతాను, దానికి మాత్రం ఎవరి దగ్గరా పైసా ముట్టుకునేది లేదు, రసీదులో రాసేది లేదు అంది.

సరేనన్నాను. సంగటికట్టె కొత్తది చెక్కించమని వడ్రంగికి చెప్పి వచ్చాను.