అదే ఆలోచన, మళ్లీ మళ్లీ

అదను తప్పి వాన పడితే నారాయణఖేడ్ ప్రాంతంలో పత్తి, కంది వేసిన రైతుకు నిద్ర పట్టదు. ‘అప్పెందుకు చేశాను, నాకే ఎందుకిలా’ అంటూ మనసు గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది. దారి వెతుకుతున్నట్టే ఉంటుంది గానీ దిగులే పెరుగుతుంది. అమెరికా మనస్తత్వవేత్త సుసాన్ నోలెన్ హోక్సెమా ఏళ్ల తరబడి పరిశోధించి తేల్చింది ఇదే.

అందుకే ‘ఎందుకు’ను పక్కన పెట్టి, ‘పొద్దున్నే ఏం చేయాలి’ అని మిమ్మల్ని మీరే అడగండి. బ్యాంకుకు వెళ్లాలా, వ్యవసాయ అధికారిని కలవాలా? ఒక్క పని కాగితం మీద రాసుకోండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడండి, దాచుకోకండి.

రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే 14416కు ఫోన్ చేయండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ క్షణమే చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ టెలీ మానస్ మానసిక ఆరోగ్య సేవ ఉచితం. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.