బెనెవెంతో పూజాగ్రంథము
(స్నాతకోత్సవ ప్రసంగము)



స్నాతకోత్సవ సభలయందు దేశభవిష్యత్తును గూర్చియో, యువజనుల బాధ్యతలను గూర్చియో మాటలాడుట వక్తలకు పరిపాటి. నేను ఒక్క పుస్తకమును గూర్చి చెప్పదలచితిని. అది దూరదేశమున పుట్టి, మనలో అనేకులకు అపరిచితమైన లాటిను ప్రార్థనలతో నిండియున్న పుస్తకము. అయినను, ఒక వస్తువును గూర్చి ఎంతయో ఎరిగిన పండితులు సైతము దానిని గూర్చి మొదట అడుగవలసిన ప్రశ్నను అడుగకుండుట యెట్లు సంభవించునో, ఆ యడుగని ప్రశ్న యొక తరమును దాటి మరియొక తరమువారి తలపై నెట్లు పడునో, ఈ పుస్తకచరిత్రమువలన నేను గ్రహించినంత స్పష్టముగ మరి దేనివలనను గ్రహింపలేదు.

దక్షిణ ఇటలీయందు, నేపుల్సు నగరమునకు ఈశాన్యముగ, కొండల నడుమ బెనెవెంతో అను ప్రాచీనపట్టణము కలదు. రోమక సామ్రాజ్యము అస్తమించిన పిమ్మట ఉత్తరమునుండి వచ్చిన లాంగోబార్డులు దానిని రాజధానిగా చేసికొని ఏలిరి. 8వ శతాబ్దమున వారి ప్రభువైన రెండవ అరెకిస్ అచ్చట నెలకొల్పిన సాంతా సోఫియా దేవాలయము నేటికిని నిలిచియున్నది. 774లో ఫ్రాంకుల రాజైన షార్లమేన్ ఉత్తర ఇటలీయందలి లాంగోబార్డు రాజ్యమును జయించిన మీదట, ఆయన యేలుబడిలోని దేశములందెల్ల కరోలింగియను లిపి వ్యాపించినను, ఈ దక్షిణభూమి మాత్రము తన లిపిని విడువక, మోంతె కస్సీనో మఠమును ప్రధానస్థానముగ జేసికొని, 8వ శతాబ్దము మొదలు 13వ శతాబ్దము వరకును, కొన్నియెడల ఆ తరువాతను, దానినే వ్రాయుచు వచ్చెను. పండితులు దానిని బెనెవెంతాను లిపి యందురు. అందు లాటిను 'ఎ' అక్షరము రెండు 'సి' అక్షరములు ప్రక్కప్రక్కన అంటియున్నట్లు కనబడును. 'టి' అక్షరము ఎడమవైపునకు వలయముగ తిరుగును. గీతలు కలమును ఆపి ఆపి వ్రాసినట్లు విరిగి, పంక్తియంతయు ఒక అల్లికవలె గోచరించును. ఈ లిపిని ఒక్కమారు గుర్తించిన కన్ను దానిని మరియొక దేశపు లిపిగా పొరబడుట దుర్లభము. 1914లో ఇ. ఎ. లో అను పండితుడు దీనిని గూర్చి వ్రాసిన మహాగ్రంథము వెలువడిన పిమ్మట, బెనెవెంతాను పుటను చూచి దాని జన్మభూమిని చెప్పుట విద్వాంసులకు సులభసాధ్యమైనది.

లిపివలెనే ఆ ప్రాంతమునకు గానము కూడ ప్రత్యేకముగ నుండెడిది. రోమాపురి అనుమతించిన గ్రెగోరియను గానము దక్షిణమునకు వచ్చుటకు పూర్వము బెనెవెంతోలో వేరొక గానసంప్రదాయము వర్ధిల్లినది. 1058లో తొమ్మిదవ స్తెఫాను పోపు మోంతె కస్సీనోయందు ఆ గానమును నిషేధించెను. అయినను తరతరములుగ చెవిని పడిన రాగము ఒక్క ఆజ్ఞతో నశించునా? లేఖకులు క్రొత్త గానమును వ్రాసిన పుస్తకములలోనే, కొన్ని పండుగలయెడ, పాత రాగములను ప్రక్కనే వ్రాసి దాచిరి. నేడు ఆ గానమును గూర్చి మనకు తెలిసినదానిలో చాలభాగము ఆ దాచినవారి పుణ్యమే. పునరుత్థాన పండుగకు ముందటి శనివారపు రాత్రి దీపస్తుతిని గానముచేయునప్పుడు ఆ దేశపు డీకను, అనగా పూజారికి సహాయపడు పరిచారకుడు, పొడవైన చర్మపత్రపు చుట్టను వేదికపైనుండి క్రిందికి విప్పుచుండెడివాడు. అందలి చిత్రములు అక్షరములకు తలక్రిందులుగ వ్రాయబడియుండెడివి, చదువువానికి అక్షరములును, ఎదుట నిలిచిన నిరక్షరకుక్షులకు చిత్రములును సరిగా కనబడవలయునని. చదువురానివారియెడ ఇంత శ్రద్ధ వహించిన లేఖకులను నేనెంతయు గౌరవింతును.

అట్టి సీమలో 12వ శతాబ్దమున, ఆ లిపియందే, ఒక మిస్సల్ వ్రాయబడినది. మిస్సల్ అనగా దివ్యబలిపూజకు కావలసిన సమస్తమును గల గ్రంథము. పూర్వము క్రైస్తవగురువు చేయు ప్రార్థనలొక పుస్తకమునను, పఠనములు వేరొకదానను, గానములు మరియొకదానను ఉండెడివి. కాలక్రమమున వానినన్నిటిని, మన పురోహితుని ప్రయోగగ్రంథమున మంత్రమును తంత్రమును ఒక్కచోట కూర్చినట్లు, ఒక్క సంపుటముగ చేర్చిరి. బెనెవెంతో ప్రధానదేవాలయపు గురుమండలి తన గ్రంథాలయమున ఈ మిస్సలును ఇతర ప్రాచీనగ్రంథములతో పాటు భద్రపరచియుంచెను.

1943 సెప్టెంబరులో మిత్రరాజ్యముల విమానములు ఆ పట్టణముపై బాంబులు కురిపించినవి. ప్రధానదేవాలయము దాదాపు పూర్తిగా కూలిపోయినది. మోంతె కస్సీనో గ్రంథములు, ఆ మఠము 1944 ఫిబ్రవరి 15న నేలమట్టమగుటకు ముందే రోమునకు తరలింపబడి బ్రతికినవి. బెనెవెంతో గ్రంథములలో కూడ అనేకములు దక్కినవి. ఈ మిస్సలు మాయమైనది. 1944 ఏప్రిలులో ఒక ఆంగ్ల సైనికాధికారి నేపుల్సులో పాతపుస్తకముల అంగడివానియొద్ద దానిని కొని స్వదేశమునకు తీసికొనిపోయెను. 1947లో అది లండనులోని సోథబీ వేలంశాలకు వచ్చినది. బ్రిటిష్ మ్యూజియమువారు దానిని సంపాదించి, ఎగర్టను సంచయమున 3511వ సంఖ్యనిచ్చి, శ్రద్ధతో రక్షించిరి.

ఇచ్చట నేను కొంచెము నిలువవలయును. ఆ పుస్తకమును దొంగిలినవాడెవడైనను, ఆ వేలంశాలకు వచ్చి కొనినవారు దొంగలు కారు. వారు ప్రపంచమున ప్రసిద్ధికెక్కిన విద్వాంసుల సంస్థకు చెందినవారు. లిపిని చూచిన మాత్రమున దక్షిణ ఇటలీ అని చెప్పగల విద్య ఆ సంస్థయందు కొరవడలేదు. దక్షిణ ఇటలీ యుద్ధభూమియైనదని 1947లో ఎరుగనివారు లేరు. ఈ రెండు విషయములను ప్రక్కప్రక్కన ఉంచి, బెనెవెంతోకు ఒక్క లేఖ వ్రాసి విచారించియుండిన, గురుమండలి అర్ధశతాబ్దముపైగా నిరీక్షింపవలసిన పని యుండెడిది కాదు. గ్రంథము ఎచ్చట పుట్టెనను ప్రశ్నకు సమాధానము చెప్పగల పాండిత్యము, అది మనవరకు ఏ చేతులమీదుగ వచ్చెనను ప్రశ్నను అడుగనిచో అసంపూర్ణమైన పాండిత్యమేయని నా దృఢవిశ్వాసము.

తుదకు విచారణ జరిగినది. నాజీల యేలుబడి కాలమున యజమానుల చేజారి బ్రిటను సంచయములలో చేరిన వస్తువులను గూర్చి సలహానిచ్చుటకై 2000లో అచ్చటి ప్రభుత్వము ఒక సలహామండలిని నియమించెను. మ్యూజియమునుండి విడివడి ఏర్పడిన బ్రిటిష్ లైబ్రరీయందు అప్పటికి మిస్సలు ఉండెను. గురుమండలి తన కోరికను ఆ సలహామండలి ముందుంచెను. పుస్తకమును తీసికొనిపోయినవారు నాజీలని రుజువు లేదు. బాంబులు వేసినవారు మిత్రరాజ్యములవారే. అయినను నాజీల కాలములోనే కోల్పోయినది గనుక విచారింపవచ్చునని సలహామండలి నిర్ణయించి, లభించిన సాక్ష్యములను తూచి, 1943 సెప్టెంబరు బాంబుదాడికిని 1944 ఏప్రిలు కొనుగోలునకును నడుమనే గ్రంథము బెనెవెంతోను వీడియుండునని 2005 మార్చిలో తీర్మానించెను. చట్టరీత్యా మాత్రము గురుమండలి హక్కు అప్పటికే నశించినది: కాలపరిమితి శాసనము ప్రకారము ఆరేండ్లు గడచినంతనే దావా వేయు అవకాశము తీరిపోయినది. నైతికముగ దానిని తిరిగి ఈయవలసినదేయని సలహామండలి చెప్పెను. ఈయదలచినను, 1972నాటి బ్రిటిష్ లైబ్రరీ చట్టము సంచయములోని వస్తువును విడుచుటకు అప్పుడు అంగీకరింపలేదు.

మీలో న్యాయశాస్త్రము చదివినవారు ఈ చిక్కును బాగుగ గమనింపుడు. కాలపరిమితి శాసనము అన్యాయమైనదని నేననను. ఎంతకాలమైనను తెగని తగవులతో ఏ సమాజమును బ్రదుకజాలదు. సంచయములను చెదరనీయరాదను నియమమును కూడ నేను మెచ్చుకొందును. అది లేనిచో అధికారుల అభిరుచి మారినప్పుడెల్ల గ్రంథాలయములు సంతలగును. రెండును మంచి ఉద్దేశముతో పుట్టిన శాసనములే. ఆ రెండింటి నడుమ చిక్కి ఒక దేవాలయము తన పూజాగ్రంథమునకు దూరమైనప్పుడు, ఎవరో ఒకరు కూర్చుండి మూడవ శాసనమును వ్రాయవలసివచ్చెను. 2009 నవంబరులో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టము, 1933 మొదలు 1945 వరకు గల కాలమునకు సంబంధించి, పదునేడు సంస్థలకు, సలహామండలి సిఫారసును మంత్రి ఆమోదమును ఉన్నయెడల వస్తువును తిరిగి యిచ్చు అధికారము నొసగెను. 2010లో సలహామండలి మరల విచారించి తన పూర్వసలహాను స్థిరపరచెను. మిస్సలు బెనెవెంతోకు తిరిగి చేరినది. ఆ చట్టమువలన లాభము పొందిన మొదటి వస్తువు అదియే.

తెలుగువారమైన మనకు ఆ చట్టపు హద్దులు కొంత బాధను కలిగింపక మానవు. కృష్ణాతీరమున అమరావతి స్తూపమునుండి 1845లో వాల్టరు ఎలియట్ త్రవ్వించిన శిల్పములు చెన్నపట్టణమున కొంతకాలముండి, 1859లో లండనునకు పంపబడి, నేడు బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. 1963నాటి బ్రిటిష్ మ్యూజియము చట్టము వానిని అచ్చటనే బంధించియున్నది. 2009నాటి చట్టము వాని కాలమును తాకదు. ఆ శిల్పములు పోయిన తీరును మిస్సలు పోయిన తీరును ఒక్కటి కావు. కాని, ఎవరు తీసిరి, ఎవరి అనుమతితో తీసిరి, ఏ ఓడపై ఎప్పుడు పోయెనను ప్రశ్నలకు పత్రములను వెదకి సమాధానము చెప్పవలసిన పని ఇచ్చట కూడ కలదు. ఆ పనిని ఆగ్రహము చేయజాలదు; ఓపికగల చరిత్రకారులు చేయవలయును.

2009నాటి చట్టమునకు పదియేండ్ల గడువు మాత్రమే పెట్టబడియుండెను. 2019లో పార్లమెంటు ఆ గడువును తొలగించినది; ఆ కాలపు వస్తువులకొరకు ఇంకను ఎవరైనను వచ్చి అడుగవచ్చును. అడుగువారికి కావలసిన పత్రములు ఏదో యొక గ్రంథాలయపు బీరువాలోనో, వేలంశాల జాబితాలోనో, పాతలేఖల కట్టలోనో ఉండును. వానిని చదువగల విద్యను మీకొసగి ఈ విశ్వవిద్యాలయము నేడు మిమ్ము పంపుచున్నది.