అల్పపరిగ్రహము - పాదచారము
(వార్షిక మహాసభయందు చేయబడిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయమును గూర్చియు, యువజనుల యుద్యోగములను గూర్చియు మన మహాసభలయందు ఏటేట ప్రసంగములు జరుగుచున్నవి. అవి జరుగవలసినవే. కాని అరువదియేండ్లు దాటినవారు శేషజీవితము నెట్లు గడపవలయునను విషయము మన తీర్మానములలో నంతగా గానరాదు. శాలువ కప్పి, ముందువరుసలో కుర్చీ వేసి, వారిపట్ల మన విధి తీరినదనుకొనుచున్నాము. నేనును ఆ వయస్సువాడనే గనుక రెండు మాటలు మనవిచేయ సాహసించుచున్నాను. మొదటిది, ఇంటిలోని సామగ్రిని తగ్గించుకొనుట. రెండవది, కాళ్లలో సత్తువ యుండగానే కొండదారులు పట్టి నడచుట. ఇవి వేఱువేఱు విషయములుగా దోచును గాని, ఒకదాని నాశ్రయించి యొకటి యున్నవి.

ఇది క్రొత్తగా పుట్టిన భావము గాదు. పతంజలి మహర్షి యమము లైదింటిలో అపరిగ్రహము నొకదానినిగా జెప్పెను. అవసరమునకు మించి పోగుచేసికొనకుండుట దాని భావము. గృహస్థు తన దేహమున ముడుతలను, తలనెరపును, కుమారునికి సంతానమును జూచినపిమ్మట వనమున కేగవలెనని మనుధర్మశాస్త్రము విధించినది. నేటికాలమున వనవాసము మనకు సాధ్యము గాదు, అందఱు నట్లు చేయనక్కఱయు లేదు. అయినను విడుచుటను, నడచుటను మన పూర్వు లొకే వయస్సునకు విధించిరన్న సంగతి గమనింపదగినది.

మన యిండ్ల నొకమారు పరికింపుడు. అటకమీద గంగాళములు, గుండిగలు. అవి నూఱుమందికి వండుటకు గొన్నవి. నేడు వంట యిద్దఱికి. బీరువాలలో మడత విప్పని దుప్పట్లు. పెండ్లిండ్లలో వచ్చిన స్టీలు గిన్నెలు, పేర్లు చెక్కియుండుటచే మఱియొకరి కీయరానివి. పలుకని రేడియోలు, నడువని గడియారములు. బిడ్డలు హైదరాబాదుననో, బెంగుళూరుననో, అమెరికాలోనో కాపురముండగా, తల్లిదండ్రు లీ వస్తువులకు కావలివారై యున్నారు. "ఇల్లు విడిచి యెట్లు వత్తుము? సామాను ఎవరు చూతురు?" అను మాట వినబడని యిల్లు మనలో అరుదు. మనకు సేవచేయవలసిన వస్తువునకు మనమే సేవచేయుచున్నాము.

దీనివలన గలుగు నష్టము మనశ్శాంతికి మాత్రమే కాదు. వృద్ధులకు తగులు గాయములకు పడుట యొక ముఖ్యకారణమని వైద్యులు చెప్పుచున్నారు. నడవలో నడ్డముగా నున్న పెట్టె, రాత్రివేళ కాలికి దగులు పీట, ఎత్తున నున్న డబ్బాకొఱకు ఎక్కిన ముక్కాలిపీట, ఇవి చాలును తుంటియెముక విఱుగుటకు. ఇక పెద్దలు గతించిన పిమ్మట, పొలము విషయమున రాజీపడిన యన్నదమ్ములు ఇత్తడిబిందెల విషయమున మాటలు మానుకొనుట మన మెఱుగనిది కాదు. బ్రతికియుండగా మన చేతులతో నిచ్చినది ప్రీతిదానము. విడిచిపోయినది తగవునకు మూలము.

ఒక్క దినమున ఇల్లంతయు ఖాళీచేయబూనరాదు. నెలకొక గది చాలును. నిత్యము వాడునవి, బంధువులకు ఇప్పుడే యిచ్చునవి, అక్కఱగలవారికి జేర్చవలసినవి యని మూడు రాసులు చేయవలెను. రెండేండ్లుగా చేతబట్టని వస్తువు మొదటిరాసిలోనికి రాదు. ఇల్లాలి వస్తువులను గూర్చి యామెయే నిర్ణయింపవలెను; వైరాగ్యము భర్తకు గలిగినంతమాత్రమున భార్య పెట్టె తెఱచుట న్యాయము గాదు. తాళపత్రములు, పాత దస్తావేజులు, వంశవృక్షములు, ఛాయాచిత్రములు త్వరపడి పాఱవేయదగినవి కావు. వాని వెనుక పేర్లు, సంవత్సరములు వ్రాసి భద్రపఱుచుట మన తరమువారి విధి. మనము పోయినపిమ్మట వానిలోని ముఖములను గుర్తించువా రుండరు.

ఇచ్చట నొక హెచ్చరిక చేయకున్న నా ప్రసంగము అపకారమునకు దారితీయును. వస్తువులు వేఱు, ఆధారము వేఱు. అపరిగ్రహమను పేర నివసించు నింటిని, బ్యాంకులోని సొమ్మును బిడ్డల పేర వ్రాసియిచ్చి, పిమ్మట వారి గుమ్మమున నిలువవలసి వచ్చుట శాస్త్రసమ్మతము గాదు, లోకసమ్మతము గాదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమములకై 2007లో చేయబడిన కేంద్రచట్టము 23వ సెక్షను ప్రకారము, తమను పోషింపవలెనను షరతుతో ఆస్తి నిచ్చిన వృద్ధులు, ఆ షరతు నెఱవేఱనిచో, ట్రిబ్యునలు నాశ్రయించి ఆ బదలాయింపును రద్దుచేయించుకొనవచ్చును. కాని షరతు పత్రమున స్పష్టముగా వ్రాయబడియుండుట శ్రేయస్కరము. కావున గిన్నెలను ఉదారముగా నిండు; ఇంటి పత్రములను ఆలోచించి వ్రాయుడు.

ఇక నడకను గూర్చి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేఱినపుడు వారితో సుమారు నూఱుమంది పరివార ముండెను. ఆనాటి దారులకు నట్టి బలగము కావలసియుండెను. నేడు మనకు దారు లున్నవి, పరివారముతో బనిలేదు. అయినను రెండుదినముల ప్రయాణమునకు మూడు పెట్టెలు మోయుచున్నాము.

1951లో ఆచార్య వినోబాభావే పౌనారు ఆశ్రమమునుండి హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లికి నడచివచ్చి, అటనుండి తెలంగాణ పల్లెలలో దిరుగుచు ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి చేరిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరముల భూమిని దానమిచ్చుటతో భూదానోద్యమ మచ్చట పుట్టినది. నాటికి వినోబాగారికి ఏబదియైదేండ్లు. ఆ పిమ్మట పదమూడేండ్లకు పైగా వారు దేశమంతయు కాలినడకనే తిరిగిరి.

అట్టి మహానుభావులతో మనకు పోలిక యేమి యందురేని, ఒక సామాన్య గృహిణి కథ వినుడు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఎమ్మా గేట్‌వుడ్ అను నామె పదునొకండుగురు బిడ్డల తల్లి, మనుమలను ఎత్తిన అవ్వ. ఆమె 1955లో, తన అరువదియేడవ యేట, జార్జియా మొదలు మెయిన్ రాష్ట్రమువఱకు గల అపలాచియన్ పర్వతమార్గమును, రెండువేల మైళ్లకు పైబడినదానిని, ఒంటరిగా నడచి ముగించెను. మే నెలలో బయలుదేఱి సెప్టెంబరులో గమ్యము చేరెను. ఆమె సామగ్రి యెంత? స్వయముగా కుట్టుకొన్న గుడ్డసంచి యొకటి, కంబళి, వాన తగులకుండ స్నానపుగది తెర, కాళ్లకు సాధారణమగు కాన్వాసు బూట్లు. గుడారమైనను లేదు. 1957లో ఆమె యా మార్గమును మరల నడచెను. భుజమున నున్నది తేలికయైనప్పుడే కాలు ముందునకు సాగునని యామె నడక తెలుపుచున్నది.

మనకు దారులు కొదువయా? అలిపిరినుండి తిరుమలకు 3,550 మెట్లు. శ్రీవారిమెట్టు దారి యంతకంటె పొట్టిది, నిటారైనది. ఆషాఢమాసమున సింహాచల గిరిప్రదక్షిణము 32 కిలోమీటర్లు. ఉగాదికి ముందు కన్నడదేశపు భక్తులు నల్లమల యడవిలో శ్రీశైలమునకు నడచిపోవుచుందురు. హైదరాబాదువారికి వికారాబాదు చెంత మూసీనది జన్మస్థానమగు అనంతగిరి యున్నది.

అయితే త్వరపాటు కూడదు. మొదట వైద్యునిచే గుండె, రక్తపుపోటు, మోకాళ్లు చూపించుకొనవలెను. దీర్ఘవ్యాధులుగల వృద్ధులు కాలినడకన కొండ యెక్కవలదని తిరుమల దేవస్థానమువారు 2024లో సూచించియున్నారు. అట్టి సూచనను భక్తిపేర త్రోసివేయరాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ వృద్ధులకు సైతము వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యమశ్రమ విధించినది. అది చదునైన నేలమీద అభ్యాసమైన పిమ్మటనే మెట్లు. ఎక్కుటకంటె దిగుట మోకాళ్లకు కష్టము గనుక చేతికఱ్ఱ సిగ్గుపడదగినది కాదు. వేసవిలో నెండవేళ నడవరాదు. అడవిదారిని ఒంటరిగా బోరాదు. సంచిలో నీరు, మందులు, తువ్వాలు, కొంచెము తిండి, ఇంటివారి ఫోను నంబరు వ్రాసిన కాగితము చాలును.

అరువదిరెండవ యేట నేనీ యభ్యాసమును మొదలిడితిని. నా యనుభవమున దెలిసినది యొక్కటే. కొండమీద రెండుదినములు నాలుగు వస్తువులతో గడపినవానికి, ఇంటికి వచ్చినపిమ్మట నలువది వస్తువులు అనవసరములని యెవరును జెప్పనక్కఱలేదు.

మహాశయులారా! మూడు విన్నపములతో ముగించెదను. మన పెండ్లిండ్లలో పేర్లు చెక్కిన పాత్రలను పంచు నాచారమును మానుదము. మన యిండ్లలోని మంచి పాత్రలు, దుప్పట్లు, పుస్తకములు విద్యార్థి వసతిగృహమునకు జేర్తము. విఱిగినవి, చిరిగినవి కాదు, మనమింకను వాడదగినవే యిత్తము. ప్రతి శాఖాసంఘమునందును అరువది దాటిన స్త్రీపురుషులకు, ఇద్దఱు యువకుల తోడుతో, నెలకొక నడక నేర్పాటుచేయుదము. ఒంటరిగా నింటిలో కావలి గూర్చున్న మన పెద్దలకు తోడు గావలెను. నడుచుచు మాటాడు తోడు అన్నిటికంటె చవుక, అన్నిటికంటె మేలు.

 భగవంతుడు మన సంఘమునకు ఆయురారోగ్యముల నొసంగుగాక!

స్వస్తి.