ఉరికంబము దాకా వెళ్ళిన పాట



పాట అనగానే మన నేటాల్ తెలుగు ఇండ్లలో ముందుగా గుర్తుకు వచ్చేది రామభజన. చెరకుతోటల బ్యారక్కులలో మన ముత్తాతలు పగలంతా చాకిరి చేసి రాత్రివేళ తాళములు పట్టినారు. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకొనేవారు. ఈ దేశపు ఆఫ్రికన్ల పోరాట గీతముల తీరు కూడ అదే. ఒకరు పిలవడము, అందరు బదులు పలకడము వారి పూర్వుల సొత్తు. నాలుగు గొంతుల మేళవింపు మిషన్ చర్చిల నుండి వచ్చినది. వాద్యముతో పనిలేదు. అందువలన ఊరేగింపులోను, జైలులోను, శవము వెంటను ఒక్క తీరుగానే పాడవీలైనది.

ఈ పాటలు కట్టినవారిలో వుయిసిలే మినీ గురించి కొంచెము వివరముగా చెప్పవలెను. ఈయన 1920లో పుట్టినాడు. పోర్ట్ ఎలిజబెత్ (2021లో ఈ ఊరి పేరు మార్చినారు) ఓడరేవులో కూలి, కార్మిక సంఘ నాయకుడు, మంద్రస్వరము గల గాయకుడు. అపార్థీడ్‌కు రూపు దిద్దిన వెర్వూర్డ్‌ను పేరుపెట్టి పిలిచి, జాగ్రత్త అని హెచ్చరిస్తూ ఒక పాట కట్టినాడు. వింటే పెండ్లిపాట వలె హుషారుగా ఉంటుంది. భాష తెలియనివారు చప్పట్లు కూడ కొడతారు! ఆ హుషారులో దాగిన బెదిరింపే దాని బలమని మా అభిప్రాయము.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాసు చట్టములకు ఎదురు నిలిచిన జనముపై పోలీసులు కాల్పులు జరిపినారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 69 మంది చనిపోయినారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను నిషేధించినారు. ఆ తరువాత ఆయుధము పట్టినవారిలో మినీ ఒకడు. 1963లో పట్టుకొని, విధ్వంసక చర్యలు, పోలీసుల వేగు అని చెప్పబడిన ఒకని హత్యలో భాగము అని నేరములు మోపినారు. ఈ సంగతి దాచి పిల్లలకు చెప్పకూడదు. 1964 నవంబరు 6న ప్రిటోరియా జైలులో ఖయింగా, మ్కాబా అను సహచరులతోపాటు ఉరితీసినారు. ఆయన పాడుతూ ఉరికంబమునకు నడిచినాడని అక్కడి తోటి ఖైదీ ఒకరు తరువాత చెప్పినారు. అనాథశవము వలె పూడ్చిన ఆ దేహమును 1998లో వెలికితీసి, సొంత ఊరిలో సమాధి చేసినారు.

ఆ పాటను మిరియం మకేబా 1965లో అమెరికాలో బెలఫాంటేతో కలిసి తెచ్చిన రికార్డులో పాడినది. ఆమెకు మాత్రము 1990 దాకా ఇల్లు చేరే వీలు లేకపోయినది.

మన పూర్వులలో చాలమంది విశాఖపట్నం, గంజాం వైపునుండి ఓడ ఎక్కినవారు. ఆ ఉత్తరాంధ్రకే చెందిన గరిమెళ్ళ సత్యనారాయణగారు 1920ల ఆరంభములో తెల్లదొరల పాలన వద్దని పాట కట్టి, వీధులలో పాడి, జైలు అనుభవించినారు. నేటాల్‌కు గిర్మిట్ ఓడలు 1911లోనే ఆగినవి గనుక మన తాతలు ఆ పాటను మూటలో కట్టి తేలేకపోయినారు.

ఈ ఏడు మన పిల్లలకు రెండూ నేర్పవలెనని మా కోరిక: గరిమెళ్ళవారి పాట తెలుగులో, మినీ పాట ఖోసా భాషలో. ఖోసా పలుకులకు నాలుక తిరగడము కష్టమే. అర్థము చెప్పగల ఖోసా పెద్దలు మన నగరములోనే ఉన్నారు. వారిని పిలిచి కూర్చుండబెట్టుకొని నేర్చుకొందము.