ఊక బూడిద నుంచి కాలమ్ దాకా

 

ఈ సదస్సు హయత్‌నగర్‌లో జరగడం నాకు ప్రత్యేకంగా సంతోషం. ఇక్కడి నుంచి విజయవాడ హైవే పట్టుకుంటే చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు వస్తాయి. ఇంకా ముందుకెళ్లి నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగితే, నల్లగొండ మీదుగా మిర్యాలగూడ రైస్ మిల్లులు. ఫ్యాక్టరీలకు కావలసిన సిలికాకు ముడిసరుకైన ఊక ఆ మిల్లుల దగ్గరే గుట్టలుగా పడి ఉంది. ఈ రెండింటి మధ్య పని మన ప్రయోగశాలలు చేపట్టాలన్నదే నా కోరిక.

ఆ ఫ్యాక్టరీలకు సిలికా ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1941లో ఇంగ్లండులోని లీడ్స్‌లో మార్టిన్, సింజ్ అనే ఇద్దరు సిలికా జెల్ రేణువులకు నీళ్లు పట్టించి, గొట్టంలో నింపి, పైనుంచి క్లోరోఫాం పోసి అమైనో ఆమ్లాల ఎసిటైల్ ఉత్పన్నాలను విడదీశారు. 1952లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఉన్నివస్త్ర పరిశ్రమ కోసం పెట్టిన ప్రయోగశాలలో పుట్టిన పద్ధతి అది. ఈరోజు హైదరాబాద్‌లో తయారయ్యే ఏ మాత్ర అయినా ఆ వంశానికి చెందిన హెచ్‌పీఎల్‌సీ కాలమ్ పరీక్ష దాటకుండా బయటికి వెళ్లడం అరుదు.

ఆ కాలమ్‌లో జరిగేదంతా సిలికా రేణువు ఉపరితలం మీదే. చదరపు నానోమీటరుకు నాలుగైదు హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి. వాటికి 18 కార్బన్ల గొలుసు తగిలిస్తే మనం రోజూ వాడే సీ-18 తయారవుతుంది. ఆ గొలుసులు లావుగా ఉండి ఒకదానికొకటి అడ్డుపడతాయి కాబట్టి సగం హైడ్రాక్సిళ్లు అలాగే మిగిలిపోతాయి. ట్రైమిథైల్ క్లోరోసైలేన్ లాంటి చిన్న అణువుతో ఎండ్ క్యాపింగ్ చేసినా కొన్ని దొరకవు. క్షార స్వభావం ఉన్న మందు వచ్చినప్పుడు ఈ మిగిలినవి దాన్ని పట్టుకుని ఆలస్యంగా వదులుతాయి. పీక్‌కు తోక వస్తుంది. టెయిలింగ్ 2 దాటిందని ఆ బ్యాచ్ దగ్గర పని ఆగిపోతుంది. సిలికాలో ఇనుము, అల్యూమినియం ఆనవాళ్లు ఉంటే పక్కనున్న హైడ్రాక్సిళ్ల ఆమ్లత్వం పెరిగి తోక ఇంకా పొడవవుతుంది. అందుకే మంచి కాలమ్ వెల సగానికి సగం దాని శుద్ధి వెల అని నేను నమ్ముతాను.

కాలమ్ పోయిందంటే కొత్తది తెప్పించుకోవడం మనకు అలవాటైంది. ఎందుకు పోయిందో విద్యార్థికి చెప్పే అలవాటు తక్కువ. పీహెచ్ 8 దాటితే సిలికాయే కరుగుతుందని, 2 కంటే దిగితే కట్టిన గొలుసు తెగుతుందని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. చేత్తో ఒకసారి గొలుసు కట్టినవాడికి ఆ వాక్యం జీవితాంతం గుర్తుంటుంది.

ఇక ఊక సంగతి. నూరు కిలోల వడ్లకు సుమారు ఇరవై కిలోల ఊక, అది కాలిస్తే సుమారు నాలుగు కిలోల బూడిద వస్తుంది. అందులో నూటికి 85 పాళ్లకు పైగా సిలికాయే. మిల్లు బాయిలర్ నుంచి వచ్చేది నల్లగా ఉంటుంది, ఎందుకంటే ఊకలోని పొటాషియం వేడికి సిలికాతో కరిగి కలిసి బొగ్గును లోపలే బంధిస్తుంది. ముందుగా ఊకను సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగించి, నీళ్లతో బాగా కడిగి, 600 డిగ్రీల దగ్గర నిదానంగా కాల్చండి. తెల్లటి బూడిద వస్తుంది. ఆ కడగడంలోనే పొటాషియంతో పాటు కాల్షియం, ఇనుము కూడా చాలావరకు పోతాయి. వేడి మరీ ఎక్కువైతే సిలికా స్ఫటికంగా మారుతుంది, కాస్టిక్ సోడాకు సులభంగా లొంగదు, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఈ హెచ్చరికను తేలిగ్గా తీసుకోవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. తెల్లబూడిదను కాస్టిక్ సోడాలో కరిగించి, అలా వచ్చిన సోడియం సిలికేట్‌లో ఆమ్లం మెల్లగా కలిపితే జెల్ గడ్డకడుతుంది. ఆమ్లం ఎంత వేగంగా పోశాం, ఎంతసేపు నిల్వ ఉంచాం అన్నవి రంధ్రాల వ్యాసాన్ని నిర్ణయిస్తాయి.

ఇక్కడితో హెచ్‌పీఎల్‌సీ కాలమ్ చేతికొచ్చినట్టు కాదు. దానికి అన్నీ ఒకే పరిమాణంలో, 3 లేదా 5 మైక్రాన్ల గుండ్రటి రేణువులు కావాలి, అది కష్టమైన పని. మొదట చేతికందేది పల్లాడియం పట్టే సిలికా. మందుల తయారీలో కార్బన్-కార్బన్ బంధాలు కలపడానికి పల్లాడియం వాడతారు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం నోటి ద్వారా తీసుకునే మందులో రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. సిలికాకు గంధకం ఉన్న థయాల్ సమూహాలు తగిలిస్తే ద్రావణంలో తిరిగే ఆ లోహాన్ని పట్టేస్తుంది, వడగడితే చాలు. 1997లో అమెరికన్ పరిశోధకులు ఇదే సూత్రంతో నీటిలోని పాదరసాన్ని తొలగించి చూపించారు. ఈ పనికి రేణువు గుండ్రంగా ఉండనక్కర్లేదు, పీక్ అందంగా రానక్కర్లేదు. కావలసింది మంచి ఉపరితల వైశాల్యం, గట్టిగా అంటిన థయాల్.

కాబట్టి పరిశోధక మిత్రులకు ఒక విన్నపం. ఊక సిలికా మీద పత్రం రాసేటప్పుడు వైశాల్యం ఒక్కటే రాసి వదిలేయకండి. లోహాల ఆనవాళ్లు ఎన్ని పీపీఎం ఉన్నాయో చెప్పండి. సీ-18 కట్టారా, అయితే అమిట్రిప్టిలిన్ లాంటి క్షార స్వభావపు మందు ఎక్కించి పీక్ బొమ్మ పెట్టండి, తోక ఎంత పొడవున్నా దాచకండి. థయాల్ కట్టారా, ఒకసారి వాడిన సిలికా రెండోసారి ఎంత లోహం పట్టిందో చెప్పండి. ఇప్పుడు పత్రాలు సమర్పించబోయేవారికి నేను ఈ ప్రశ్నలే వేస్తాను. దయచేసి మొదటి వక్త వేదిక మీదికి రండి.