మేలుచేసే బ్యాక్టీరియా – పసిబిడ్డల రోగనిరోధక శక్తి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి వైద్య శిబిరంలో బాలింతలకు, బిడ్డల కోసం ప్రోబయోటిక్ పొడి పొట్లాలు పంచుదామని ప్రతిపాదన వచ్చింది. సైన్సు చెప్పేవాళ్లం కనుక మమ్మల్ని నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము డాక్టర్లం కాము. చదివి తెలుసుకున్నంత వరకే చెబుతాం.

బ్యాక్టీరియా అనగానే అందరికీ రోగమే గుర్తొస్తుంది. ఆ తప్పు కొంత మాదే. తరగతిలో కలరా, టైఫాయిడ్ గురించి చెప్పినంతసేపు పెరుగు గురించి చెప్పం.

మన పేగు లోపలి పొర ఒకే వరుస కణాలతో ఏర్పడింది. ఇటు లెక్కలేనన్ని సూక్ష్మజీవులు, అటు కాపలా కాసే రక్షణ కణాలు. పుట్టిన బిడ్డలో కాపలావాళ్లు ఉంటారు గాని, వచ్చేది చుట్టమో దొంగో పోల్చుకోవడం ఇంకా నేర్చుకోవాలి. నేర్పేది మేలుచేసే బ్యాక్టీరియానే. వాటి ఆనవాళ్లు తగిలినకొద్దీ ఐజీఏ అనే ప్రతిరక్షకం తయారై పేగులో కాపు కాస్తుంది. అనవసరమైన వాపును అణచే టీ కణాలు పెరుగుతాయి. ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ప్రయోగశాల ఎలుకల్లో ఈ వ్యవస్థ సరిగా ఎదగదు. అందుకే డబ్బాల మీద 'ఇమ్యూనిటీ పెంచుతుంది' అని రాస్తే మాకు నచ్చదు. పెరగడమే మంచిదైతే ఎలర్జీ కూడా మంచిదే కావాలి! కావలసింది అదుపు.

ఇక ఒడిశా సంగతి. అక్కడి పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులతో డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం చేసిన పరిశోధన 2017లో 'నేచర్' పత్రికలో వచ్చింది. సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాను, దానికి ఆహారమయ్యే ఒక చక్కెరను కలిపి ఏడు రోజులు ఇచ్చారు. మిగతావారికి మందులేని పొడి. రెండు నెలలు కనిపెట్టి చూస్తే, సెప్సిస్ గాని మరణం గాని సంభవించినవారు మందులేని పొడి తీసుకున్నవారిలో నూటికి 9, బ్యాక్టీరియా తీసుకున్నవారిలో 5.4. ఊపిరితిత్తుల జబ్బులూ తగ్గాయి.

మరి పంచవచ్చు కదా అంటారు. ఆ బిడ్డలు రెండు కిలోలకు తగ్గనివారు, ఆరోగ్యవంతులు, తల్లిపాలు తాగుతున్నవారు. ఇచ్చింది ఎంచి తీసిన ఒక్క రకం. మందుల షాపు పొట్లంలో ఉన్నది అదే అనుకోకూడదు. నెలలు నిండని ఒక బిడ్డకు ప్రోబయోటిక్ ఇస్తే ఆ బ్యాక్టీరియాయే రక్తంలో చేరి బిడ్డ చనిపోయిందని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. శిబిరానికి ఎలాంటి బిడ్డ వస్తుందో మనకేం తెలుసు?

తల్లిపాలలో బిడ్డకు అరగని చక్కెరలు కొన్ని ఉన్నాయి. అవి బిడ్డకోసం కావు, బిఫిడో బ్యాక్టీరియా కోసం. ముర్రుపాలలో ఐజీఏ దండిగా ఉంటుంది. మన ఇళ్లలోనే కాదు, పక్కిళ్లలోనూ దాన్ని పిండి పారబోసి, ఘుట్టీయో తేనెనో నాకించే నానమ్మలున్నారు. వారి ప్రేమను మేము శంకించం. కాని ఏడాది నిండేదాకా తేనె వద్దు. జలుబు చేసిందని షాపులో అడిగి యాంటీబయోటిక్ పోయించడమూ అంతే. రోగక్రిములతోపాటు ఈ చుట్టాలూ పోతారు.

కనుక పొడికి అనుకున్న డబ్బుతో, పాలు పట్టడం నేర్పే నర్సమ్మను శిబిరంలో రోజంతా కూర్చోబెట్టండి. చాటుకు తెర, కుర్చీలు మా స్కూలు నుంచి మేము తెస్తాం.